కంఠం మూగబోయినా జపం ఆగదు

(అచ్చంపేటలో కార్తిక మాస భక్తగోష్ఠియందు చేసిన ప్రసంగ పాఠం)



కార్తిక స్నానాలకూ అన్నదానాలకూ సిద్ధమవుతున్న మీ సమక్షంలో నా అపరాధమొకటి నివేదిస్తున్నాను.

నా సహపాఠి ఒకరు ప్రతి శనివారమూ మాతో విష్ణుసహస్రనామ పారాయణ చేసేవారు. స్వరపేటికకు క్యాన్సర్ సోకగా వైద్యులు దానిని తొలగించి, మెడ ముందుభాగాన రంధ్రం చేసి శ్వాసమార్గం కల్పించారు. పిదప రేడియేషన్ చికిత్స జరిగింది. ప్రాణం దక్కింది. స్వస్థులైనారు గదా అని అన్నదానంలో విస్తరి నిండా పులిహోర వడ్డించాను. ఆయన రెండు మెతుకులు తిని లేచిపోయారు. ప్రసాదాన్ని విడిచారని నేను నొచ్చుకున్నాను. అప్పుడాయన కాగితంపై వ్రాసి చూపారు: "నోట తడి లేదు. కారం ఓర్వలేను. క్షమించండి."

క్షమాపణ చెప్పవలసినవాడను నేను.

రేడియేషన్ వల్ల లాలాజల గ్రంథులు దెబ్బతింటాయి. నోరెండుతుంది, రుచి తగ్గుతుంది. కొందరికి దవడ బిగుస్తుంది, మింగుడు కష్టమవుతుంది. వ్యాధి నయమైనా ఈ బాధలు ఏళ్లతరబడి ఉండవచ్చు. స్వరపేటిక తీసినవారికి ముక్కుగుండా శ్వాస ఆడదు. కర్పూర పరిమళమూ సరిగా తెలియదు.

కనుక దాతలకు నా విన్నపం: పులిహోరతోపాటు కారం లేని, మెత్తగా చిదిమిన పలుచని పెరుగన్నమూ ఉంచండి. పక్కన మంచినీళ్లు పెట్టండి. వారు నెమ్మదిగా తింటారు. పంక్తి లేచినదని విస్తరి తీయకండి.

మెడలో రంధ్రమున్నవారు కృష్ణలో మునగరాదు. నీరు నేరుగా ఊపిరితిత్తులలోకి పోతుంది. మంత్రస్నానం, మానసస్నానం శాస్త్రసమ్మతాలే. ధూపానికీ హారతి పొగకూ దూరంగా వారికి చోటివ్వండి.

వారి ముఖం వంక తేరిపార చూడకండి. "ఏ జన్మ పాపమో" అనకండి. పొగాకు, మద్యం ఈ వ్యాధికి ముఖ్య కారణాలన్నది నిజమే. అవేవీ ముట్టనివారికీ రావచ్చు. ఆ హెచ్చరిక మన ఇంటి యువకులకు చెప్పండి, బాధపడుతున్నవారికి కాదు.

మాట తిరిగి నేర్పే అభ్యాసాలు, గొంతుకు ఆనించి పలికే యంత్రాలు ఉన్నాయి. మింగడానికీ, దవడ కదలికకూ వ్యాయామాలు ఉన్నాయి. ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రం మనకు దగ్గరే.

వాచికం, ఉపాంశువు, మానసం అని జపం మూడు విధాలు. వానిలో మానసజపమే శ్రేష్ఠమని మనుస్మృతి చెప్పింది. ఆ మాట గుర్తుచేసి నా మిత్రుని మరల పారాయణకు పిలిచాను. ఇప్పుడాయన మా పంక్తిలోనే కూర్చుంటారు. మేము నామం పలుకుతాము; ఆయన వ్రేళ్లు జపమాలపై కదులుతాయి. ఒకనాడు మేము ఒక నామం దాటవేయగా, చేయెత్తి ఆపినవారు ఆయనే.

స్వస్తి.