అంత్యకాల శుశ్రూష – మన సంఘధర్మము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, కల్యాణమండపమును గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. మేము విన్నవింపబోవునది మంగళకరమైన విషయము కాదని కొంద రనుకొనవచ్చును. అయినను, వివాహమునకు ఏడాది ముందుగా సన్నాహములు చేయు మనము అంత్యకాలమునకు మాత్ర మేమియు సిద్ధపఱచుకొనకుండుట వివేకము గాదు.

కొన్నియేండ్ల క్రిందట మా బంధువులలో నొక వృద్ధురాలు రాచపుండుచే మంచము పట్టినది. వైద్యులు "ఇక చేయదగిన దేమియు లేదు, ఇంటికి గొనిపొండు" అనిరి. ఆమె రెండు మాసములు రాత్రింబవళ్లు మూల్గుచుండ మేము వాకిట నిలిచి వినుటయే కాని వేఱొండు చేయనేరమైతిమి. ఆ బాధను తగ్గించు సాధనము కలదని పిదప తెలిసినది. ఆ పశ్చాత్తాపమే నేడు మమ్ము మీ యెదుట నిలిపినది.

రోగము కుదురకున్నను రోగిబాధను కుదుర్పవచ్చును. దీనినే ఉపశమన చికిత్స యందురు. నొప్పి, ఆయాసము, పడకపుండ్లు, మనోవ్యథ – వీనినెల్ల నెమ్మదింపజేయుటయు, కుటుంబమునకు ధైర్యము చెప్పుటయు దీని పని. వైద్యుడు కొలత యెఱిగి యిచ్చు మార్ఫిను మాత్ర ప్రాణమును త్వరపెట్టునదను భయము నిరాధారము.

1967లో సిసిలీ సాండర్సు అను వైద్యురాలు లండనునందు సెయింట్ క్రిస్టఫర్సు శుశ్రూషాలయమును నెలకొల్పెను. 1986లో బొంబాయియందు శాంతి అవేదనాశ్రమము వెలసెను. 1993లో కోళిక్కోడున నారంభమైన యుద్యమము ఇరుగుపొరుగువారికే శిక్షణ మిచ్చి, శుశ్రూషను రోగి యింటికే చేర్చెను. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానముగా గైకొనెను. 1985 నాటి మత్తుపదార్థముల చట్టమువలన మార్ఫిను దొరకుట దుర్లభము కాగా, 2014లో ఆ చట్టమును సవరించిరి. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రియందును ఈ చికిత్స గలదు. అయినను, ప్రపంచమున నేటేట 5 కోట్ల 68 లక్షల మందికి ఈ శుశ్రూష యవసరము కాగా, నూటికి 14 మందికే లభించుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

మన బిడ్డలు బెంగుళూరునకు, అమెరికాకు తరలిపోయిరి. ఊళ్లలో ముదుసళ్లు మిగిలిరి. తలాపున కూర్చుండువా రెవరు?

కావున మా మనవి యిది. ప్రతి మండలమునుండి యిద్దఱు యువజనులకు ఈ శుశ్రూషయందు శిక్షణ మిప్పింతము. గాలిపఱుపులు, చక్రపుకుర్చీలు సంఘనిధితో గొని, కావలసిన యిండ్లకు ఎరువిత్తము. అడిగినవా రే కులమువారని విచారింపకుందము. బాధకు కులము లేదు. మండపమునకు వెచ్చించు ధనములో పదియవ వంతైన నిందులకు కేటాయింపుడని ప్రార్థించుచున్నాము.