దాత అండము – తల్లి గర్భము

శరీరమునకు వెలుపల అండమును ఫలదీకరించి గర్భాశయమున ప్రవేశపెట్టు ఐ.వి.ఎఫ్. పద్ధతి వలన ప్రథమ శిశువు 1978లో ఇంగ్లండునందు జన్మించెను. 1983, 1984 సంవత్సరములలో ఆస్ట్రేలియా, అమెరికా దేశములందు పరస్త్రీ దానము చేసిన అండముతోను సంతానము కలిగెను. సొంత అండమునకును, దాత అండమునకును ఫలితములలో భేదమేమి? అదియే నేటి ప్రసంగ విషయము.

స్త్రీ తన అండములనన్నిటిని పుట్టుకతోనే తెచ్చుకొనును. ఆమెతోపాటు అవియు వయసు మీరును. అండము ముదిరినకొలది క్రోమోజోముల పంపకములో పొరపాట్లు హెచ్చును. పిండము నిలువదు, నిలిచినను గర్భస్రావము కావచ్చును. 35 ఏండ్లు దాటిన పిమ్మట ఫలితములు తగ్గుచు వచ్చి, 44 ఏండ్లకు సొంత అండముతో 100 ప్రయత్నములలో అయిదైనను ఫలించుట అరుదు. గర్భాశయమో, అంత త్వరగా ముసలిది కాదు. కనుకనే అమెరికా లెక్కలలో దాత అండముతో 100కి 40కి పైగా ప్రయత్నములు ఫలించుచున్నవి. డౌన్ సిండ్రోము వంటి లోపముల భయము సైతము గర్భిణి వయసును గాక దాత వయసును బట్టియే యుండును.

ఇంతమాత్రమున ఇది నిరపాయమని తలపరాదు. సాధారణముగా శిశువులో తల్లి అంశ సగముండును. ఇచ్చట శిశువు ఆమె దేహమునకు పూర్తిగా క్రొత్త. మావి సరిగా నాటుకొనకపోవుటకు ఇదియే హేతువని శాస్త్రజ్ఞుల యూహ. సొంత అండముతో ఐ.వి.ఎఫ్. చేయించుకొన్నవారికంటె వీరిలో ప్రీఎక్లాంప్సియా అను ప్రమాదకరమైన రక్తపోటు రెట్టింపునకు పైగా కనబడుచున్నది. నెలలు నిండని కాన్పులు, కాన్పు తరువాతి రక్తస్రావము కూడ హెచ్చు. కవలలైనచో అపాయము మరింత. ఒకే పిండమును ప్రవేశపెట్టుట మేలు.

ఇచ్చటనే మన ఇండ్లలోని గుట్టు ప్రాణముమీదికి తెచ్చును. గర్భము నిలిచినంతనే గర్భిణి వేరొక డాక్టరమ్మను ఆశ్రయించి, నలుగురికి తెలియునను జంకుతో దాత అండమను మాట చెప్పదు. చెప్పినయెడల ఆమె మొదటినుండియు రక్తపోటును కనిపెట్టుచుండును. 16వ వారమునకు ముందే స్వల్పమోతాదు ఆస్పిరిను అవసరమా యని యోచించును. విడువని తలనొప్పి, కన్నుల మసక, ముఖపు వాపు కనబడినచో క్షణమైనను ఆలస్యము కూడదు.

మన దేశపు 2021 చట్టము ప్రకారము ఆ శిశువు ఆ దంపతుల బిడ్డయే. దాతకు ఎట్టి హక్కును లేదు. దాతకును అది రక్ష: 23 మొదలు 35 ఏండ్ల లోపు స్త్రీ, జీవితమున ఒక్కమారే, ఏడు అండములకు మించకుండ దానము చేయవలెను. కావున సోదరీమణులారా, భయపడవలసిన పనిలేదు. లోకమునకు చెప్పుట, మానుట మీ యిష్టము. వైద్యురాలికి మాత్రము దాచరాదు.