పరాయి రాష్ట్రంలో కొత్త కాపురం
(మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరు విడిచి వేరే రాష్ట్రం వెళ్లినవాళ్లకు ఏమేమి ఎదురవుతాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను పండితుణ్ణి కాను. ఉద్యోగరీత్యా మన నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి, తిరువల్లిక్కేణిలో, అంటే ట్రిప్లికేన్‌లో తొమ్మిదేళ్లు కాపురం చేసి వచ్చినవాణ్ణి. ఆ అనుభవమే నా అర్హత. మన వీధుల్లో నుంచి చదువులకనీ, దర్జీ పనికనీ, కంపెనీల్లో కొలువులకనీ ఏటా ఎందరో వెళ్తున్నారు కాబట్టి, ఇది వాళ్లకు ఉపయోగపడవచ్చునని నా ఆశ.

చెన్నై మనకు మరీ పరాయిది కాదంటారు. నిజమే. ఈ సీమ కూడా ఒకప్పుడు ఆర్కాటు నవాబుల ఏలుబడిలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మనమంతా మద్రాసు రాష్ట్రం వాళ్లమే. ఇప్పటికీ రైలెక్కితే మూడు గంటల్లో దిగుతాం. అయినా సరే, సామాను దించుకుని గుమ్మంలో నిలబడ్డ రోజున ఈ చరిత్ర ఏదీ అక్కరకు రాదు. ఎదురింటివాళ్లు తలుపు తీసి పలకరిస్తారా లేదా అన్నదే మనసులో మెదులుతుంది.

మొదట తేడా తెలిసేది చెవికి. ఇల్లు వెతుకుతూ తిరిగితే "వీడు ఇల్లై" అంటారు. తమిళంలో వీడు అంటే ఇల్లు, ఇల్లై అంటే లేదు. బస్సులో కండక్టరు "తళ్ళి పో" అంటే అమ్మను ఏదో అన్నాడనుకోకూడదు, పక్కకు జరగమంటున్నాడు. తమిళ ముస్లిం ఇళ్లలో చాలాచోట్ల తండ్రిని "అత్తా" అంటారు. పక్కింటి పిల్లవాడు మీసాలున్న మనిషిని పట్టుకుని అత్తా, అత్తా అంటూ వెంటపడుతుంటే మా ఇంట్లో ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయేవారు. అద్దెను వాడగై అంటారు. మన బాడుగే అది, వేషం మార్చుకుంది అంతే. కాస్త చెవి ఒగ్గితే ఇలాంటి చుట్టరికాలు బోలెడు దొరుకుతాయి.

తర్వాతి సంగతి ఇల్లు. మీరు ఏం చేస్తారు, ఎంతమంది, మాంసం వండుతారా అని అడుగుతారు. పేరు చెప్పాక కొందరి గొంతు మారుతుంది. "ఇప్పుడే వేరేవాళ్లకు మాటిచ్చాం" అంటారు. మాకు మూడు చోట్ల ఆ మాట వినపడింది. నాలుగో చోట ఒక అయ్యర్ గారి వితంతువు, ఆమె పేరు ఇక్కడ అనవసరం, "నాకు మెట్ల మీద చెత్త లేకుండా ఉంటే చాలు" అని తాళం చేతిలో పెట్టింది. కాబట్టి మూడు ఇళ్లు చూసి ఊరంతా ఇంతేనని తీర్మానం చెయ్యకూడదు. అడ్వాన్సు విషయం మాత్రం జాగ్రత్త. అక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం పాత ఆనవాయితీ. తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం, వేరే ఒప్పందం లేకపోతే, మూడు నెలల అద్దెనే హద్దుగా పెట్టింది. ఆ చట్టం 2019 నుంచి అమలులో ఉంది. ఒప్పందం కాగితం మీద ఉండాలి, సంతకం పెట్టేముందు చదివించుకోవాలి.

మూడోది మసీదు. ట్రిప్లికేన్‌లో 1795లో కట్టిన వాలాజా మసీదు ఉంది. ఆ చుట్టుపక్కల దక్కనీ ఉర్దూ వినిపిస్తుంది, ప్రాణం లేచి వస్తుంది. అదే మన్నడి వైపు వెళ్తే సముద్రతీరపు తమిళ ముస్లింలు ఎక్కువ. వాళ్లలో చాలామంది షాఫయీలు. అసర్ వేళ మన హనఫీ లెక్క కంటే ముందే అవుతుంది. ఆమీన్ గట్టిగా అంటారు. ఖుత్బాకు ముందు ప్రసంగం తమిళంలో సాగుతుంది. నమాజును తొళుగై అంటారు, రోజాను నోన్బు అంటారు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ బియ్యం, పెసరపప్పు, మెంతులు, కొబ్బరిపాలు వేసి కాచిన వేడి గంజి గిన్నెల్లో పోస్తారు. మొదటిరోజు హలీం ఏదని మన కుర్రవాళ్లు దిక్కులు చూస్తారు. వారం తిరిగేసరికి ఆ గంజి లేందే రోజా విడిచినట్టుండదు. వాలాజా మసీదులో ఇఫ్తార్ వడ్డించేవాళ్లలో సింధీ హిందూ సోదరులు ఉంటారు. దేశ విభజన నాడు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కుటుంబాలవారు ఆ సేవ ఏళ్ల తరబడి చేస్తున్నారు. అదే పేటలో పార్థసారథి కోవెల. శుక్రవారం జనం, ఉత్సవం జనం ఒకే సందుల్లో నడుస్తారు.

ఇంతవరకు చెప్పినవి నాలుగు నెలల్లో అలవాటయ్యేవే. అసలు చెప్పదలచింది ఇప్పుడు చెబుతాను.

తమిళనాడులో జమాత్ పద్ధతి గట్టిది. ప్రతి మసీదుకూ తన పరిధిలోని కుటుంబాల పుస్తకం ఉంటుంది, చందా ఉంటుంది. నికాహ్ జరగాలంటే అటువాళ్ల జమాత్ నుంచీ ఇటువాళ్ల జమాత్ నుంచీ ఉత్తరం తెమ్మంటారు. ఖబరస్తాన్ కూడా జమాత్ చూసుకుంటుంది. మనవైపు ఇంత కట్టుదిట్టం లేదు గనక మనవాళ్లు దీన్ని పట్టించుకోరు. మా సందులో మనవైపు నుంచి వచ్చిన ఒక దర్జీ ఉండేవాడు. వచ్చి నాలుగు నెలలే. ఒక రాత్రి గుండె ఆగి పోయాడు. ఇంట్లో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. ఆమెకు తమిళం రాదు. తెల్లవారి మసీదుకు వెళ్తే, మీరు ఏ జమాత్, ఎవరు తెలుసు అని అడిగారు. వాళ్ల పద్ధతి ప్రకారం అడగవలసినదే అడిగారు. కానీ జవాబు చెప్పే మనిషి లేడు. చివరికి అతని చేత చొక్కాలు కుట్టించుకున్న ఒక ముసలాయన వచ్చి "ఇతను నాకు తెలుసు" అన్నాడు. ఆ ఒక్క మాటతో పనులన్నీ కదిలాయి. సాయంత్రానికి జనాజాకు సందు నిండింది. అంతమంది మంచివాళ్లు మధ్యాహ్నం దాకా ఎక్కడున్నారు? అక్కడే ఉన్నారు, పక్క ఇళ్లలోనే. అతనెవరో వాళ్లకు తెలియదు, అంతే.

అందుకే వెళ్లేవారికి నా మనవి. వెళ్లిన మొదటి శుక్రవారమే దగ్గరి మసీదులో పేరు రాయించుకోండి. ఇక్కడి మసీదు కమిటీ ఉత్తరం వెంట ఉంచుకోండి. ఇంటి ఆడవాళ్లను నాలుగు గోడల మధ్య ఉంచెయ్యకండి. మగవాళ్లం ఉర్దూతో నెట్టుకొస్తాం, వాళ్లు కొళాయి దగ్గర, కూరగాయల బండి దగ్గర ఆరు నెలల్లో తమిళం నేర్చేసి మనకే దుబాసీలవుతారు.

కాగితాల సంగతి కూడా వినండి. రేషను కార్డుకు ఇప్పుడు ఇబ్బంది తగ్గింది. ఒకే దేశం, ఒకే రేషను కార్డు పథకంలో 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి. జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డుతో అక్కడే బియ్యం తీసుకోవచ్చు. బి.సి. ధ్రువపత్రం అలా కాదు. మన రాష్ట్రంలో 2007 నుంచి బి.సి. ఇ కింద నాలుగు శాతం ఉంది, తమిళనాడులో ముస్లింలకు అదే ఏడు నుంచి మూడున్నర శాతం ఉంది. కానీ ఇక్కడి పత్రం అక్కడి రిజర్వేషనుకు చెల్లదు. పిల్లల బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఇక్కడ కాలేజీ సీట్లకు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది లెక్కలోకి వస్తుంది. కనుక హైస్కూలు పిల్లలుంటే ఊరు మారేముందే ఈ లెక్క చూసుకోవాలి. మారాక చూసుకుంటే లాభం లేదు.

చివరిగా ఒక మాట. ఇంతసేపూ మనం వెళ్లడం గురించే మాట్లాడుకున్నాం. మన ఊరికి వచ్చేవాళ్ల సంగతేమిటి? బీహారు నుంచి, బెంగాల్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి కూలి పనులకు వచ్చినవాళ్లు మన పేటల్లో గదికి ఎనిమిది మంది చొప్పున ఉంటున్నారు. శుక్రవారం మన పక్కనే సఫ్‌లో నిలబడుతున్నారు. వాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? రొట్టెల పండుగనాడు బారా షహీద్ దర్గాకు ఎక్కడెక్కడి జనమో వస్తే చెరువులో దిగి ముక్కూమొహం తెలియనివాళ్లతో రొట్టెలు మార్చుకుంటాం. అదే మనిషి మన పక్క గదిలోకి అద్దెకు దిగితే ఏ ఊరు నీది అని అడగం. మనం అక్కడ ఏది గమనించామో వాళ్లు ఇక్కడ అదే గమనిస్తున్నారు. ఎవరు ముందు పలకరించారు, ఎవరు మొహం తిప్పుకున్నారు అని.

కాబట్టి సంఘానికి మూడు సూచనలు చేస్తున్నాను. ఒకటి, ఊరు విడిచేవారికి పరిచయ పత్రం ఇవ్వాలి. రెండు, కొత్తగా వచ్చినవారి పేరు, సొంత ఊరు, ఇంటివాళ్ల ఫోను నంబరు రాసుకునే పుస్తకం ఒకటి మసీదులో పెట్టాలి. కులం, మతం చూడకుండా పేటలోకి వచ్చిన ఎవరి పేరైనా అందులో ఉండవచ్చు. మూడు, నెలకొకసారి ఇద్దరు సభ్యులు వాళ్ల గదులకు వెళ్లి పలకరించి రావాలి. వీటికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక పుస్తకం, ఒక కలం, కాస్త తీరిక చాలు. ఏదో ఒక రాత్రి ఏదో ఒక ఇంటి ముందు "ఇతను నాకు తెలుసు" అనే మనిషి కావలసి వస్తాడు. ఆ మనిషి మన పేటలో ముందే ఉండేలా చూద్దాం.