‘టేక్’ అంటే ఏమిటి: తెలుగు, తుర్కీ భాషల సాక్ష్యం
(కృష్ణపట్నంలో చేసిన స్మారకోపన్యాసం)



బడిలో ఇంగ్లిషు నేర్పిన మాస్టారి స్మారకంగా ఈ ఉపన్యాసానికి నిధి పెట్టినవారు నన్ను కోరింది ఒక్కటే. పొగడ్తలు వద్దు, ఆయన బడిలో చెప్పిన విషయమే చెప్పండి అన్నారు. అందుకని ఒకే ఒక్క ఇంగ్లిషు క్రియను పట్టుకుని మాట్లాడతాను. అది ‘టేక్’. దాని అర్థం ‘తీసుకొను’ అని ఆరో తరగతి పిల్లలు కూడా చెప్తారు. జవాబు సరైనదే. అయితే ఆ ఒక్క జవాబును నమ్ముకున్నవాళ్లు నాలుగు వాక్యాలు దాటకముందే చిక్కుకుంటారు. మందు, ఫోటో, బస్సు, పరీక్ష, ప్రమాణం, రెండు గంటల కాలం, ఇన్నిటికీ ఇంగ్లిషులో ‘టేక్’ సరిపోతుంది. మనమైతే మందు వేసుకుంటాం, ఫోటో తీస్తాం, బస్సెక్కుతాం, పరీక్ష రాస్తాం, ప్రమాణం చేస్తాం. పనికేమో రెండు గంటలు పడుతుంది. ఆరు చోట్లా ఆరు వేరు వేరు క్రియలు.

క్రియ అర్థంలో సగం మాత్రమే క్రియ దగ్గర ఉంటుంది. మిగతా సగం దాని పక్కనున్న నామం దగ్గర ఉంటుంది. కాబట్టి ఇంగ్లిషు క్రియకు తెలుగు క్రియను వెతకబోయే ముందు, ఆ నామం పక్కన తెలుగులో ఏ క్రియ నిలుస్తుందో చూడాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇది మన భాషకు మాత్రమే ఉన్న తీరు కాదని చూపడానికి తుర్కీ భాషను సాక్ష్యానికి పిలుస్తున్నాను.

తుర్కీయే ఎందుకు?

కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేస్తూ, ఈ భాషలకు ‘సిథియన్’ భాషలతో చుట్టరికం ఉందని వాదించాడు. తుర్కీ, ఫిన్నిష్, మంగోలు భాషలను ఆయన ఆ పేరు కిందే చేర్చాడు. ఆ చుట్టరికం తర్వాతి పండితుల పరీక్షకు నిలవలేదు. పోలికలు మాత్రం చెక్కుచెదరలేదు. తుర్కీలోనూ కర్త ముందు, కర్మ మధ్యన, క్రియ చివర వస్తాయి. మనం ‘వచ్చి వెళ్లాడు’ అనేచోట వాళ్లు ‘గెలిప్ గిత్తి’ అంటారు. కళ్లారా చూడకుండా విన్నది చెప్పేటప్పుడు మనం ‘వచ్చాడట’ అంటాం, వాళ్లు ‘గెల్మిష్’ అంటారు. కాలిన్ మసీకా 1976లో దక్షిణాసియా భాషల ఉమ్మడి లక్షణాలకు పటాలు గీసి, వాటిలో కొన్ని మధ్య ఆసియాలోని తుర్కీ కుటుంబ భాషల దాకా సాగుతున్నాయని చూపించాడు.

అలాంటప్పుడు ఇస్తాంబుల్ పిల్లలకూ మన పిల్లలకూ ఇంగ్లిషు ఇంచుమించు ఒకే తీరున ఎదురవ్వాలి. నిజంగా అలా ఉందో లేదో చూద్దాం.

జతలు

‘తీసుకొను’కు దగ్గరగా తుర్కీలో ఉన్న క్రియ ‘అల్మక్’. ఫోటోకు అది పనికిరాదు. అక్కడ ‘చెక్మెక్’ రావాలి. దాని మూలార్థం లాగడం, మన ‘తీయడం’ పక్కింటి మాట. బస్సుకు ‘బిన్మెక్’, అంటే ఎక్కడం. దిగడానికి ‘ఇన్మెక్’. మనం ఎక్కు నుంచి ఎక్కించు, దిగు నుంచి దించు చేసుకున్నట్టే వాళ్లు ‘బిందిర్మెక్’, ‘ఇందిర్మెక్’ చేసుకున్నారు. కంప్యూటర్లో డౌన్‌లోడు చేయడానికి కూడా వాళ్లు ఆ ‘ఇందిర్మెక్’నే వాడేస్తున్నారు. పనికి పట్టే కాలానికి ‘సుర్మెక్’, సాగడం. పరీక్షలోకి ‘ప్రవేశిస్తారు’. మనం రాస్తాం, వాళ్లు లోపలికి వెళ్తారు, ఇంగ్లిషువాళ్లు తీసుకుంటారు.

ఇక తిండీ తాగుడూ. తుర్కీలో మందు ‘అల్మక్’ అనీ అనొచ్చు, ‘ఇచ్మెక్’ అనీ అనొచ్చు. ఇచ్మెక్ అంటే తాగడం. మాత్రను కూడా వాళ్లు తాగుతారు. సిగరెట్టును మనలాగే తాగుతారు. ప్రమాణానికి ‘చేయడం’ ఉంది కానీ దానితోపాటు ‘అంత్ ఇచ్మెక్’ అనే మాటా ఉంది. మాటకు మాటగా చెప్తే ఆన తాగడం. దెబ్బలకూ లంచానికీ ‘యెమెక్’ వాడతారు, అంటే తినడం. దెబ్బలు తిన్నాడు, లంచం తిన్నాడు అని మనం అనేది అచ్చంగా అదే. హిందీ, ఉర్దూల్లోనూ దెబ్బలు తినేవే. దెబ్బలకూ లంచానికీ కూడా ఇంగ్లిషులో ‘టేక్’ అనే అంటారు.

అన్నీ కలుస్తాయని మాత్రం అనుకోవద్దు. మనకు జలుబు ‘చేస్తుంది’. ఎవరు చేశారో వాక్యంలో కనిపించదు. తుర్కీలో మనిషే చలిని ‘తీసుకుంటాడు’, ‘అల్మక్’. ఇంగ్లిషులో జలుబును పట్టుకుంటారు. మూడు భాషలూ మూడు దార్లు పట్టిన చోట ఏ ఒక్కటీ సహజమనీ మిగతావి వింత అనీ చెప్పడానికి వీల్లేదు.

పట్టు

ఈ తీరంలో ఎక్కువగా వినపడే క్రియ ‘పట్టు’. కండలేరు సముద్రంలో కలిసే ఈ చోట చేపలు పట్టేవాళ్లకు వేరే క్రియ అక్కర్లేదు. తుర్కీ జాలరి కూడా చేపల్ని ‘తుత్మక్’ చేస్తాడు, అంటే పట్టుకుంటాడు. మనవాళ్లు ‘వేటకి పోయినారు’ అంటారు కదా, తుర్కీలోనూ చేపల పనిని ‘బలిక్ అవి’, చేపల వేట అనే అంటారు. మన ఆడవాళ్లు నోము పడతారు, వాళ్లు రంజాను ఉపవాసాన్ని పడతారు, ‘ఒరుచ్ తుత్మక్’.

ఇంకో అడుగు వేద్దాం. మనకు నిద్ర పడుతుంది, చెమట పడుతుంది, పిచ్చి పడుతుంది, దయ్యం పడుతుంది. ఇందులో ఏదీ మనిషి చేసే పని కాదు, ఎక్కణ్నుంచో వచ్చి మనిషిని పట్టేదే. తుర్కీలో ఓడెక్కి కడుపులో తిప్పినప్పుడు ‘బెని దెనిజ్ తుత్తు’ అంటారు. ‘నన్ను సముద్రం పట్టింది’ అని. ఈ వాక్యం చెప్తే మన పడవల వాళ్లకు విడమరచి చెప్పే పనే ఉండదు. ఇంగ్లిషులో ఇలాంటి చోట సాధారణంగా మనిషినే కర్తగా నిలబెట్టాలి. మన పిల్లలు ఇంగ్లిషులో తడబడే చోట్లలో ఇదొకటి. దీన్ని పదాల పట్టిక బట్టీ పట్టించి సరిచేయలేం. వాక్యంలో ఎవరు కర్త అన్న ప్రశ్న వేయించాలి.

అరువు మాటల సంగతి

‘టేక్’ కూడా ఇంగ్లిషులో పుట్టిన మాట కాదు. ఓడల మీద వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్ల నోటి ‘తాకా’ అది. అంతకుముందున్న ‘నిమన్’ అనే సొంత క్రియను అది కాలక్రమంలో పక్కకు నెట్టేసింది. పరాయి క్రియను క్రియగానే ఇంట్లోకి రానివ్వడం ఇంగ్లిషుకు చేతనవును.

తెలుగు, తుర్కీలు అలా రానివ్వవు. 2008లో ఇక్కడ కొత్త పోర్టు మొదలైంది. ‘షిప్పు బెర్త్ అయింది, బొగ్గు అన్‌లోడ్ చేస్తా ఉండారు, లారీ క్యాన్సిల్ అయింది’ అనే మాటలు ఇప్పుడు ఇక్కడ మామూలు. వచ్చిన ప్రతి మాటనూ నామంలా నిలబెట్టి, మన ‘చేయు’నో ‘అగు’నో తోడిచ్చి నడిపిస్తున్నాం. తుర్కీలో ‘ఇప్తాల్’ అనే అరబీ మాటకు ‘ఎత్మెక్’ చేరిస్తే రద్దు చేయడం, ‘ఓల్మక్’ చేరిస్తే రద్దు కావడం. మన ‘రద్దు’ కూడా అరబీ నుంచి వచ్చిందే, దాన్నీ మనం ఇలాగే నడిపిస్తున్నాం. సంస్కృత నామాలకు ‘ఇంచు’ చేర్చి ప్రయాణించు, ప్రేమించు అన్నాం. వాళ్లు ‘యుక్’, అంటే బరువు అనే మాటకు ‘లె’ చేర్చి సరుకెక్కించడానికి ‘యుక్లెమెక్’ అన్నారు. కాబట్టి పోర్టు తెలుగును విని భాష చెడిపోతోందని బెంగపడేవారికి నా మనవి: అక్కడ తెలుగు వ్యాకరణం నిక్షేపంగా తన పని తాను చేసుకుంటోంది.

బెంగపడాల్సింది వేరే చోట ఉంది. ‘ప్రమాదం చోటుచేసుకుంది’ అని పత్రికల్లో రోజూ చదువుతున్నాం. అందులో ఒక్క ఇంగ్లిషు మాటైనా లేదు, అయినా ఇంగ్లిషు వాక్యమే. ‘టేక్ ప్లేస్’ను ముక్కకు ముక్కగా దించారు. ‘జరిగింది’ అంటే సరిపోయేది. ‘పాల్గొన్నారు’ ఉండగా ‘భాగం తీసుకున్నారు’ అనడమూ ఈ కోవలోదే. తుర్కీలోనూ ‘దుష్ అల్మక్’, షవర్ స్నానం తీసుకోవడం అనే వాడుక మీద ఇలాగే విసుక్కునేవాళ్లు ఉన్నారు. పరాయి నామం పక్కన మన క్రియ ఉంటే భాషకు నష్టం లేదు. మన నామాన్ని పరాయి క్రియ వెంట పంపితేనే నష్టం.

నిఘంటువు ఎలా ఉండాలి?

బ్రౌను నిఘంటువులు 1850లలో మద్రాసులో అచ్చయ్యాయి. రెడ్‌హౌస్ తుర్కీ-ఇంగ్లిషు నిఘంటువు 1890లో ఇస్తాంబుల్‌లో వెలువడింది. ఇద్దరూ మహా శ్రామికులు. మన పనికి కావలసిన మరో దారిని హార్న్‌బీ చూపాడు. ఆయన బృందం తయారుచేసిన ఇంగ్లిషు నిఘంటువు 1942లో టోక్యోలో వచ్చింది. ఆక్స్‌ఫర్డు విద్యార్థి నిఘంటువుకు మూలం అదే. ఒక్కో క్రియ ఏ వాక్యంలో ఎలా ఇముడుతుందో అది నమూనాలుగా చూపింది. జపానీలోనూ క్రియ చివరే వస్తుంది. అలాంటి భాషల పిల్లలు తడబడిన చోట్ల నుంచే ఆ పుస్తకం పుట్టింది. తెలుగు క్రియాధాతువుల మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారి గ్రంథం 1961 నుంచీ మన చేతిలో ఉంది. గ్విన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు 1991లో వచ్చింది. పునాదికి లోటు లేదు.

నా ప్రతిపాదన చిన్నది. ఈ ఊరి బడి పిల్లలతో నామం-క్రియ జతల పుస్తకం ఒకటి చేయించండి. క్రియల వరసలో కాకుండా నామాల వరసలో ఉండాలి అది. వల, పడవ, బొగ్గు, కంటైనరు, బిల్లు, జ్వరం, పరీక్ష, ఒట్టు. ఒక్కో నామానికి ఒక పేజీ. ఎడమవైపు తెలుగులో దానితో నడిచే క్రియలు, కుడివైపు ఇంగ్లిషు క్రియలు. ‘కొను’ వచ్చేచోట గుర్తు పెట్టాలి, ఎందుకంటే ‘మందు వెయ్యి’ వేరు, ‘మందు వేసుకో’ వేరు. మాటలు సేకరించడానికి జాలర్ల దగ్గరికి, క్రేన్ల మీద పనిచేసేవారి దగ్గరికి, లారీ డ్రైవర్ల దగ్గరికి, ఆసుపత్రి నర్సుల దగ్గరికి పిల్లలే వెళ్లాలి. నిధి వడ్డీలో కొంత ఆ పుస్తకం అచ్చుకు కేటాయించమని నిర్వాహకులను కోరుతున్నాను.

ముందు వరస పిల్లలకు ఇప్పుడే మొదటి పేజీ ఇస్తున్నాను. వల అల్లుతారు, వేస్తారు, లాగుతారు, ఆరేస్తారు. ఈ నాలుగింటికీ ఇంగ్లిషు క్రియలు రాసి, వాటిలో ‘టేక్’ ఎక్కడైనా పనికొస్తుందో లేదో చూసి, రేపు మీ టీచరుకు చూపించండి. సెలవు.