మంచులో మూడు గంటలు

1893 ఫిబ్రవరి 22వ తేదీ. న్యూయార్కు నగరమున ఫిఫ్త్ ఎవెన్యూ అను రాజవీధిలో మంచు తుపాను చెలరేగుచుండెను. వీధిమూల నొక ఛాయాగ్రాహకుడు మూడు గంటలసేపు నిలిచి, గుఱ్ఱపుబండి యొకటి తాను కోరిన తావునకు వచ్చువఱకు కాచుకొనియుండెను. ఆయన ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. చేతికెమెరాను కళావిదులు చులకన చేయు దినములవి; ఆ కెమెరాయు ఎరువు తెచ్చినదే! నెగెటివును చూచిన మిత్రులు, మసకగానున్నది, పారవేయుమని నవ్విరట.

ఋతువు మాఱినపుడెల్ల తెలిసిన వీధులకే మరల పోవుట ఆయన అలవాటు. 1900 ప్రాంతమున వసంతపు జల్లులో తడిసిన బాట, కంచె నడుమ లేతచెట్టు, ప్రక్కన వీధి నూడ్చువాడు. 1903 ప్రాంతమున మంచు మోసిన చెట్టు వెనుక ఫ్లాటైరన్ భవనము. మనమైనచో చినుకు పడగనే చూరు క్రిందికి చేరుదుము.

తన మసకచిత్రమునకు తగిలిన నవ్వు నెఱిగినవాడు గనుకనే కాబోలు, లోకము నవ్విన చిత్రకారులకు తానే తావిచ్చెను. 1905లో, స్టైకెన్ అను మిత్రుని తోడ్పాటుతో, అదే వీధిలో 291వ నంబరు ఇంటి పైయంతస్తున, చిన్న గదులలో చిత్రశాలను తెఱచెను. 1908లో రోదా రేఖాచిత్రములు, మాతీస్ చిత్రములు అచట ప్రదర్శింపబడినవి. 1911లో పికాసో వంతు వచ్చెను. 80కి పైగా చిత్రములలో అమ్ముడుపోయినవి రెండే. అందొకటి కొన్నవాడు స్టీగ్లిట్జే!

ఆయన ఛాయాచిత్రముల మాట యేమి? 1924లో బోస్టన్ లలితకళా ప్రదర్శనశాల వానిలో 27 స్వీకరించెను. అందులకు పూనుకొన్నవాడు, అచట భారతీయ కళావిభాగమును చూచుచుండిన మన ఆనంద కుమారస్వామి.