ఆపి వదిలే విద్య
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఏటా మనమిలా కలుసుకుంటున్నామో ఆ మాస్టారు జీవితమంతా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పారు. ఆయన దగ్గర లోలకం పాఠం విన్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. అందుకే ఈసారి గడియారాల సంగతి ఎత్తుకున్నాను. కీ ఇచ్చే గడియారాల గురించే చెబుతాను. బ్యాటరీ వాచీల జోలికి చివర్లో ఒక్కసారి వెళ్తాను.

కీ ఇస్తే మెయిన్ స్ప్రింగు చుట్టుకుంటుంది, విప్పుకుంటూ చక్రాల్ని తిప్పుతుంది. అడ్డేమీ లేకపోతే ఆ చక్రాలు గిర్రున తిరిగి కాసేపట్లోనే ఊరుకుంటాయి. చెరువు నిండినంత మాత్రాన పొలం పారదు, తూము దగ్గర నీరటి వంతుల ప్రకారం వదలాలి. వాచీలో ఆ వంతుపని చేసే భాగం పేరు ఎస్కేప్‌మెంట్. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ బయటికొచ్చి గంట కొట్టే గడ్డం బొమ్మను చూడ్డానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు. చూడాల్సిందే, ముచ్చటైన బొమ్మ. కానీ ఏడు వందల ఏళ్ల గడియారాల చరిత్రలో అసలు కథ మాత్రం ఈ ఆపి వదిలే పనిదేనని నా అభిప్రాయం.

యూరప్‌లో పదమూడో శతాబ్దం చివర్లో మొదటి మర గడియారాలు వచ్చాయి. ఇంగ్లండులో సాలిస్‌బరీ చర్చి గడియారం 1386 నాటిదంటారు. దానికి డయలూ లేదు, ముళ్లూ లేవు. గంట కొట్టడమే దాని పని. ఆ తొలి గడియారాల్లో చక్రాన్ని ఆపేది ఒక అడ్డకమ్మి. దానికి తనదంటూ లయ ఏదీ లేదు. బరువు గట్టిగా లాగితే త్వరగా ఊగేది, నూనె చిక్కబడితే నెమ్మదించేది. రోజుకు పావుగంట తేడా మామూలే. నిమిషంతో ఎవరికీ పనిలేని రోజులు కనుక చెల్లిపోయింది.

1656లో డచ్ శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ గడియారానికి లోలకం తగిలించాడు. లోలకం ఊగే లయ దాని పొడవును బట్టి ఉంటుంది, తోసే బలాన్ని బట్టి పెద్దగా మారదు. పావుగంట తేడా ఒక్కసారిగా సెకన్లలోకి దిగింది. కానీ లోలకాన్ని జేబులో వేసుకుని తిరగలేం కదా! 1675లో ఆయనే వాచీలో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి సన్నని చుట్ట స్ప్రింగు తగిలించాడు. మన రిపేరు షాపుల్లో హెయిర్ స్ప్రింగు అనేది దాన్నే. ఆ ఆలోచన ముందు తనదేనని లండన్‌లో రాబర్ట్ హుక్ మండిపడ్డాడు. ఆ తగవు సంగతి ఎలా ఉన్నా, లోలకానికి భూమ్యాకర్షణ చేసే పనిని వాచీలో ఈ స్ప్రింగు చేస్తుంది. ఎటు తిప్పినా చేస్తుంది. జేబు గడియారాలకు నిమిషాల ముల్లు మామూలైంది ఆ తర్వాతే.

ఇక సముద్రం సంగతి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే 4 నిమిషాలకు ఒక డిగ్రీ. బయల్దేరిన రేవులో ఇప్పుడెంతయిందో ఓడలో తెలిస్తే, స్థానిక మధ్యాహ్నంతో పోల్చి తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో లెక్కకట్టవచ్చు. తెలియకపోతే ఏమవుతుందో 1707లో తెలిసింది. ఇంగ్లండు నౌకాదళం సిల్లీ దీవుల దగ్గర రాళ్లకు కొట్టుకుని నాలుగు ఓడల్ని పోగొట్టుకుంది. 1714లో పార్లమెంటు బహుమతి ప్రకటించింది: అర డిగ్రీలోపు రేఖాంశం చెప్పగలిగితే 20,000 పౌన్లు. అర డిగ్రీ అంటే 2 నిమిషాలు. ఆరు వారాల ప్రయాణంలో రోజుకు మూడు సెకన్లు తప్పినా బహుమతి పోయినట్టే. ఉప్పుగాలి, తుపాను, ఎండ, చలి అన్నీ తట్టుకుంటూ.

దానికి పూనుకున్నవాడు యార్క్‌షైర్‌లో 1693లో పుట్టిన జాన్ హారిసన్. వడ్రంగి. తొలి గడియారాల్లో చక్రాలు కర్రతోనే చేశాడు. తనలో నూనె ఊరే లిగ్నమ్ వైటీ అనే కర్ర వాడి, కందెన అవసరం లేని గడియారం చేశాడు. గడియారాల్ని పాడుచేసేది చెడిపోయిన నూనేనని గ్రహించిన చూపది. సముద్రం కోసం చేసిన మొదటి యంత్రం 1735కు తయారైంది. రెండోది చేశాడు. మూడోదాని మీద పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు. ఇత్తడి, ఉక్కు రేకుల్ని జతచేసి వేడికి దానంతటదే వంగే పట్టీని దానిలోనే కనిపెట్టాడు. ఆ పట్టీ రకాలు నేటికీ ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్లలో ఉంటాయి. అయినా మూడోది ఆయనకు తృప్తినివ్వలేదు. పెద్ద యంత్రాల దారే తప్పని తేల్చుకుని, 1759లో సుమారు 13 సెంటీమీటర్ల వెడల్పున్న వాచీ చేశాడు. అదే నాలుగోది. సెకనుకు ఐదు టిక్కులు. చిన్న చక్రం వేగంగా, పెద్ద ఊపుతో ఊగితే ఓడ కుదుపు దాన్ని కదిలించలేదన్నది ఆయన ఎత్తు.

1761లో కొడుకు విలియం దాన్ని జమైకాకు తీసుకెళ్లాడు. రోజువారీ తేడా లెక్కలోకి తీసుకుంటే 81 రోజుల్లో తప్పింది 5 సెకన్లు. బహుమతి సంగతి తేల్చాల్సిన బోర్డు నమ్మలేదు. మళ్లీ పరీక్ష పెట్టారు, వాచీ విప్పి రహస్యం చెప్పమన్నారు. చంద్రుణ్ణి చూసి లెక్కకట్టే పద్ధతిని సమర్థించే నెవిల్ మాస్కలిన్ బోర్డులో ఉన్నాడు. పాపం ఆయన్ని కథలన్నీ దుర్మార్గుణ్ణి చేశాయి గానీ, ఒక్క వాచీ నడిచినంత మాత్రాన పద్ధతి నిలిచినట్టు కాదన్న అనుమానం శాస్త్రజ్ఞుడిగా న్యాయమైనదే. చివరికి రాజు మూడో జార్జి కల్పించుకున్నాక 1773లో పార్లమెంటు 8,750 పౌన్లు ఇచ్చింది. 1776లో హారిసన్ పోయాడు.

అయితే మన చేతి వాచీ హారిసన్ వంశం కాదు. ఆయన ఎస్కేప్‌మెంట్ పాత పద్ధతికే వజ్రపు ముక్కలతో చేసిన అద్భుతమైన మెరుగు. ఆయనతోనే ఆగిపోయింది. 1765లో ఆయన వాచీ విప్పి చూపినప్పుడు చూసిన నిపుణుల్లో థామస్ మడ్జ్ ఒకడు. అతను అంతకు పదేళ్ల ముందే లీవర్ ఎస్కేప్‌మెంట్ కనిపెట్టాడు, ఎందుకో పెద్దగా పట్టించుకోలేదు. నేటికీ కీ వాచీలు దాదాపు అన్నీ నడిచేది దానితోనే.

భూతద్దం పెట్టి చూడండి. పదిహేను పళ్ల చక్రం ముందుకు తిరగాలని చూస్తుంటుంది. లంగరు ఆకారంలో ఉన్న లీవరు కొసన ఒక కెంపు ముక్క ఆ పంటికి అడ్డుపడి ఉంటుంది. బ్యాలెన్స్ ఊగుతూ వచ్చి లీవరు తోకను తడుతుంది. కెంపు పక్కకు జరుగుతుంది. పన్ను విడివడి జారుతూ లీవరును తోస్తుంది, లీవరు బ్యాలెన్స్‌కు చిన్న ఊపునిస్తుంది. ఆలోపు రెండో కెంపు ఇంకో పంటికి అడ్డుపడుతుంది. టిక్కుమని మనకు వినబడేది ఈ తగులుడే. ఆ తర్వాత బ్యాలెన్స్‌ను తాకేవాళ్లెవరూ ఉండరు, హెయిర్ స్ప్రింగు వెనక్కి లాగేదాకా అది తన లయలో తాను ఊగుతుంది. మడ్జ్ గొప్పతనం ఇక్కడే ఉంది: సాయం చేసి వెంటనే తప్పుకునే ఏర్పాటు. గంటకు 18,000 టిక్కుల వాచీలో ఈ చక్రం ఆరు సెకన్లకొక చుట్టు తిరుగుతుంది.

మిగిలిన చరిత్ర త్వరగా చెప్పేస్తాను. వేడికి సాగని నికెల్ ఉక్కుల మీద పనిచేసిన గియోమ్‌కు 1920లో నోబెల్ వచ్చింది. హెయిర్ స్ప్రింగు వేడిమి బాధ తీరిపోయింది. మన దేశంలో హెచ్ఎంటీ 1961లో సిటిజెన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. పెళ్లికొడుక్కి వాచీ అంటే అదే. మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే ఎంచి తీసిన సన్నవరికి ఆ వాచీ పేరే పడింది. మనం తినే హెచ్ఎంటీ బియ్యం అవే. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో సంస్థ బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ విడుదల చేసింది. నేటి క్వార్ట్జ్ వాచీల్లో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సెకనుకు ఐదు టిక్కులవాడు దానితో ఎలా పోటీపడతాడు? హెచ్ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు 2016లో ప్రభుత్వం ఆమోదముద్ర వేసింది.

చివరిగా ఒక మనవి. మీ ఇళ్లలో నాన్నగారిదో తాతగారిదో కీ వాచీ ఉంటే, ఉత్సాహం కొద్దీ కీ తిప్పేయకండి. లోపల నూనె ఎండి బంకగా మారి ఉంటుంది. ఆ స్థితిలో నడిపితే ఇరుసులు అరుగుతాయి. మీ ఊళ్లో పాత రిపేరు మేస్త్రి ఇంకా బల్ల వేసుకుని కూర్చుంటే, ముందు ఆయన చేత విప్పించి, శుభ్రం చేయించి, కొత్త నూనె వేయించండి. ఆయన మూత తీసినప్పుడు పిల్లల్ని పక్కనే నిలబెట్టండి.