ఏడాది చివర ఇంటిలెక్క

(సాంస్కృతిక సంఘపు వార్షిక సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వోద్యోగికి ఏడాది మార్చి 31వ తేదీతో ముగియును. తెలుగువానికి ఉగాదికి ముందునాటితో ముగియును. అయినను అండమాన్ నికోబార్ దీవులలో కాపురమున్న తెలుగు తలిదండ్రులకు మూడవ ఏడాది యొకటి కలదు. అది డిసెంబరు నెలాఖరుతో ముగియును. దీవులవారు మెయిన్‌ల్యాండని పిలుచు ఆవలి గట్టునుండి సెలవు దొరికిన బిడ్డలు వచ్చుట ఆ దినములలోనే. సెలవు దొరకలేదని కబురు వచ్చుటయు ఆ దినములలోనే. వచ్చిన యింట పీటలు చాలవు. రాని యింట పీటలు గోడకు చేరబడి యుండును. రెండిండ్లలోను తండ్రి మనసులో ఒక లెక్క వేసికొనును. ఆ లెక్కను గురించియే ఈ ప్రసంగము.

ఉద్యోగి కుటుంబమనగా ఎవరో ప్రభుత్వ నియమములు స్పష్టముగ చెప్పుచున్నవి. వైద్య సౌకర్యము విషయమున కుమారుడు 25 ఏండ్లు నిండువరకో, సంపాదన మొదలిడువరకో, వివాహమగువరకో, ఏది ముందు జరిగినను అంతవరకే కుటుంబములోనివాడు. కుమార్తెకు వయసు పరిమితి లేదు. సంపాదనయో వివాహమో వచ్చినచో ఆమె పేరును తొలగును. బిడ్డ మొదటి జీతమందుకొన్న వార్తను తండ్రి ఇరుగుపొరుగులకు మిఠాయి పంచి చెప్పును. కార్యాలయమున మాత్రము ఆ పేరును పట్టికనుండి తానే తీసివేయించవలెను. నియమమునందు తప్పు లేదు. ఆధారపడియున్నవారిని మాత్రమే లెక్కించుట ఖజానాకు తగిన పద్ధతియే. చిక్కెక్కడ వచ్చుననగా, ముప్పది యేండ్లు ఆ పట్టికను నింపిన తండ్రి ఇంటిలోను దానినే వాడసాగును. "వాడికిప్పుడు మనతో పనేముంది?" అను మాట ఆ పట్టికనుండి పుట్టినదే.

బిడ్డలు దీవులు విడుచుట మనసు మారుటచేత కాదు. 2011 జనాభా లెక్కల నాటికి దీవుల మొత్తము జనసంఖ్య సుమారు 3 లక్షల 80 వేలు. అందు నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయము 1967లో వెలసినది. వైద్య కళాశాల 2015లో వచ్చినది. అయినను ఇంత చిన్న సమాజమున చదివినవారందరకును చదువునకు తగిన కొలువులు పుట్టవు. కావున పదునెనిమిదవ యేట పెట్టె సర్దుట ఇచ్చట పలు కుటుంబములలో ఆచారమైనది. విశాఖపట్టణమునకు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము. ఓడలో రెండు రాత్రులకు పైబడిన ప్రయాణము. కుమారుని హైదరాబాదునకు పంపిన గుంటూరు తల్లి, మనసు బాగులేనినాడు రాత్రి బండి యెక్కి తెల్లవారుసరికి వానిని చూడగలదు. హ్యాడో రేవులో బిడ్డను ఓడ యెక్కించిన తల్లికి ఆ వీలు లేదు. విమానమున్నది గదా యందురు. పండుగ దినములలో దాని టిక్కెట్టు వెల యెరిగినవారు ఆ మాట మెల్లగా అందురు.

మరియొక సంగతిని పెద్దలు తరచుగా మరతురు. దీవులకు వచ్చిన తెలుగువారును ఎవరికో బిడ్డలే. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరపు పల్లెలనుండి చేపలవేటకు వచ్చిన కుటుంబములున్నవి. బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని, రెండేండ్లలో తిరిగి వత్తునని ఇంట చెప్పి, ఉద్యోగమంతయు ఇచ్చటనే గడపిన గుమాస్తాలున్నారు. వారి తలిదండ్రులు ఊరి అరుగుపై కూర్చుండి పోస్టుమనిషి కొరకు చూచిరి. నేడు కుమారుని ఫోను రెండు దినములు రాకున్న నొచ్చుకొను తండ్రి, తాను ఆనాడు తన తండ్రికి ఎన్ని నెలలకొక జాబు వ్రాసెనో జ్ఞాపకము చేసికొన్నచో, కుమారుని పద్దున వ్రాసిన బాకీ కొంత తగ్గును.

డిసెంబరు నెలాఖరు ఈ దీవులలో లెక్కల కాలమగుటకు వేరొక కారణమును కలదు. 2004 డిసెంబరు 26, ఆదివారము, ఉదయము ఆరున్నర ప్రాంతమున భూమి కంపించెను. పిదప సముద్రము మీదికి వచ్చెను. కార్ నికోబారు వైమానిక స్థావరమున సిబ్బందియు వారి కుటుంబములవారును కలిసి నూరుగురికి పైగా మరణించిరి. తీరమునున్న నికోబారీ పల్లెలు పలుచోట్ల పునాదులతో కొట్టుకొనిపోయినవి. దక్షిణపు దీవులతో సంబంధములు తెగినవి. అప్పుడు ఆంధ్రదేశమున ముసలి తలిదండ్రులు టెలివిజను ముందు కూర్చుండి, దీవులలోనున్న కుమారుడు బ్రతికియున్నాడా యని నిరీక్షించిరి. ఆనాడు బ్రతికి బయటపడిన ఉద్యోగులు పలువురు నేడు తామే వృద్ధులు. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు, భూమి కదలినదని వార్త వచ్చినపుడు, ఇప్పుడు ఆ నిరీక్షణ హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్న బిడ్డది. దూరముననున్నవానికి చింత లేదనుట అన్యాయము. అర్ధరాత్రి "అమ్మా, అంతా బాగున్నారా?" అని వచ్చిన ఫోనును తల్లి మరవదు, తండ్రియే దానిని లెక్కలో వేయడు.

పోర్టుబ్లెయిరులో (2024నుండి దాని పేరు శ్రీ విజయపురము) 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు నిలిచియున్నది. అచ్చటి రాజకీయ బందీలకు సామాన్యముగ ఏడాదికి ఒక్క ఉత్తరమునకే అనుమతి. వినాయక దామోదర సావర్కరు తన తమ్ముడు నారాయణరావునకు అట్లు వ్రాసిన ఉత్తరములు పిదప గ్రంథముగ వెలువడినవి. ఏడాదికి ఒక్కటే ఉత్తరము వ్రాయగలవాడు ఏమి వ్రాయవలెనో పదకొండు నెలలు ఆలోచించును. ఎవరి ఆరోగ్యము, ఎవరి చదువు, ఎవరికి ఏమి చెప్పవలెను అని ఒక్కొక్క పంక్తిని తూచి వ్రాయును.

నేటి పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధము. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల తీగ ప్రారంభమైనది. ఉపగ్రహముపైననే ఆధారపడిన దినములలో మాట తెగి తెగి వినిపించెడిది. ఇప్పుడు ప్రతి సాయంత్రము బిడ్డ ముఖము కనిపించును. "తిన్నావా?" "తిన్నానురా. వాన పడుతోందా?" "పడుతోంది." ఇదియు ప్రేమయే, దీనిని చులకన చేయరాదు. కాని దినదినము మాటలాడుచున్నామను తృప్తిలో అసలు మాట వచ్చే యేటికి వాయిదాపడుచున్నది.

ఆ అసలు మాట యేది? పదవీవిరమణ వయసు 1998లో 58నుండి 60కి పెరిగినది; అనగా ఆలోచించుటకు రెండేండ్లు అదనముగ దొరకినవి. అయినను చివరి డిసెంబరు వచ్చువరకు ఆలోచించినవారు తక్కువ. క్వార్టరు ఖాళీ చేయవలసిన తరువాత ఎక్కడ నివసింపవలెను? హైదరాబాదులోని కుమారుడు తన అయిదవ అంతస్తులో ఒక గదిని సిద్ధము చేసి, అడుగకయే నిశ్చయించుకొనును. తండ్రి మనసులో పైకప్పు కూలిన పల్లెటూరి యిల్లుండును. తల్లియో, ముప్పది యేండ్లు బెంగాలీ, తమిళ ఇరుగుపొరుగులతో హిందీలో కష్టసుఖములు చెప్పుకొన్నది. బిడ్డల పురుళ్లకు వచ్చినవారు వారే. ఆమెకు దీవిని విడువవలెనని లేదు. ఆమెను అడిగినవారు లేరు. కుమారుని ప్రేమయు, తండ్రి కోరికయు నిజమైనవే. ఇద్దరును ఆమెను సామానుతోపాటు లెక్కించుటయే తప్పు.

తలిదండ్రుల పోషణకై 2007లో పార్లమెంటు చట్టము చేసినది. నెలకు ఇంత సొమ్మని అది ఇప్పించగలదు. పక్కన కూర్చుండి అడిగించలేదు.

కావున ఏడాదికొక ఉత్తరపు పద్ధతిని ఈ సంఘపు కుటుంబములు తిరిగి చేపట్టవచ్చును. ఫోనులో కాదు, కాగితముపైననే వ్రాయవలెను. తండ్రి ఒకటి, తల్లి వేరొకటి వ్రాయవలెను. ఒకరి ఉత్తరమున మరియొకరు సంతకము చేయుట చాలదు. విరమణ పిదప తనకు ఎక్కడ నుండవలెనని యున్నదో తల్లి తన చేతితో వ్రాయవలెను. బ్యాంకు పుస్తకములు, పింఛను కాగితములు ఏ పెట్టెలోనున్నవో, ఓడలు నిలిచిపోయిన దినములలో జబ్బు చేసినచో పొరుగున ఎవరిని పిలువవలెనో తండ్రి వ్రాయవలెను. బిడ్డ వేరు భాషవారిని వివాహమాడినపుడు అన్న పరుషవాక్యము ఏదైన మిగిలియున్నచో, దానిని వెనుకకు తీసికొనుటకును ఉత్తరమే మేలు. ఫోనులో ఆ మాట గొంతు దాటదు. చివర ఒక ప్రశ్నకు చోటు విడువవలెను: పెంపకములో బిడ్డకు మిగిలిన నొప్పి యేది? జవాబు వెంటనే రాకపోవచ్చును. వచ్చినది చదువుటకు కష్టముగనుండవచ్చును.

డిసెంబరులో ఇచ్చట సాయంత్రము అయిదు గంటల ప్రాంతముననే ప్రొద్దు క్రుంకును. బిడ్డ కార్యాలయమునుండి ఇల్లు చేరి ఫోను చేయుటకు ఇంకను మూడు నాలుగు గంటలుండును. కలము పట్టుటకు ఆ వ్యవధి చాలును.